‘ఆరు రోజులేనా అమ్మా?’ అని అడిగితే

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు ఊహ తెలిసేనాటికే రెండు చదువులు మొదలవుతాయి. వారమంతా బడి, ఆదివారం సండే స్కూలు. చిన్నతనంలో ఈ రెండింటికీ పేచీ ఏమీ ఉండదు. దేవుడు వెలుగు చేశాడు, చెట్లు మొలిపించాడు, చేపల్ని పిట్టల్ని చేశాడు, ఆఖరికి మనిషిని చేశాడు అని చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. పై తరగతులకు వచ్చేసరికి బడిలో భూమి పొరల సంగతి, రాళ్ల వయసు సంగతి తెలుస్తుంది. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే జీవపరిణామం ఒక పాఠంగానే ఉంటుంది. ఈలోపు చేతికి ఫోను వచ్చి ఉంటుంది. ఏదో ఒక రాత్రి అన్నాల దగ్గర ప్రశ్న రానే వస్తుంది. “అమ్మా, ఇదంతా నిజంగా ఆరు రోజుల్లోనే అయిందా?”

ఆ క్షణంలో మీరు ఏమంటారన్నది చిన్న విషయం కాదు. సాధారణంగా మన ఇళ్లల్లో రెండు జవాబులు వినబడతాయి. మొదటిది, “వాక్యాన్ని ప్రశ్నించకూడదు, నోరు మూసుకుని తిను” అనేది. రెండోది కాస్త మెత్తగా ఉంటుంది. “పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాసెయ్యి, ఇంట్లో మాత్రం మన నమ్మకం మనది” అనేది. మొదటి జవాబు కంటే ఈ రెండోదే ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం. మార్కుల కోసం ఒక నిజం, దేవుడి కోసం ఇంకో నిజం ఉంటాయని, రెండుచోట్లా రెండు మొహాలు పెట్టుకుని బతకవచ్చని మనమే నేర్పినట్టు అవుతుంది. గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్లో చేరిన రెండో ఏటికి ఆ పిల్లలు రెండింటిలో ఒకదాన్ని వదిలేస్తారు. ఎక్కువసార్లు వదిలేసేది గుడినే.

ఆదికాండం మొదటి రెండు అధ్యాయాలను పిల్లలతో కలిసి చదవడానికి జంకుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మీరు భూగర్భ శాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. హెబ్రీ భాష రానక్కర్లేదు. నిజం చెప్పడానికి భయపడకుండా ఉంటే చాలు.

ముందు మన ఊరి రాయి సంగతి చూద్దాం. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్లో చాలా భాగం మార్కాపురం నుంచి వెళ్లినవే. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక రాతపలకల వ్యాపారం పడిపోయింది కానీ ఇళ్ల గోడలకు, నేలకు వేసే రంగుల పలకలు ఇప్పటికీ బయటి దేశాలకు పోతున్నాయి. ఈ రాయికి భూగర్భ శాస్త్రంలో మన పక్క ఊరి పేరే ఉంది. దాన్ని కంభం స్లేటు అంటారు. ఇది కడప బేసిన్‌లో నల్లమల వర్గానికి చెందిన రాయి. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున మెత్తని బురద పేరుకుంది. దాని మీద ఇంకా బురద పడి, బరువుకీ వేడికీ ఒత్తిడికీ అది బిగుసుకుని రాయి అయింది. ఆ ఒత్తిడి వల్లే దానికి రేకులు రేకులుగా విడిపోయే గుణం వచ్చింది. గనిలో మేస్త్రీ ఉలి అంచును రాయి పక్కన ఆనించి సుత్తితో సున్నితంగా తట్టగానే ఆ రాయి పలచని రేకుగా ఊడి రావడం మీ పిల్లలు చూసి ఉండకపోతే ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఆ రేకును చేతికిచ్చి, “ఇది ఒకప్పుడు సముద్రం అడుగున బురద” అని చెప్పండి. చెప్పాక, “దీన్నీ దేవుడే చేశాడు” అని కూడా చెప్పండి. ఒక మాట చెప్పినంత మాత్రాన రెండో మాట అబద్ధమైపోదు.

గిద్దలూరు సంగతి ఇంకా దగ్గరిది. సగిలేరు ఒడ్డునా నల్లమల కనుమల దగ్గరా పాతరాతియుగపు మనుషులు చెక్కుకున్న రాతి పనిముట్లు దొరికాయి. కమియాడ్, బర్కిట్ అనే ఇద్దరు పరిశోధకులు 1930లో వీటి గురించి రాశారు. కె.వి. సౌందరరాజన్ 1952లో గిద్దలూరు రాతి పనిముట్ల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు. అంటే సృష్టి జరిగి ఆరువేల ఏళ్లేనని మన పెద్దలు చెప్పే లెక్క కంటే ఎంతో ముందే మనుషులు ఈ కొండల కింద నీళ్లు తాగారు, వేటాడారు, రాయిని పదును పెట్టుకున్నారు.

ఇంతకీ ఈ ఆరువేల ఏళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? మన పెద్దలు చాలామంది అది బైబిల్లోనే ఉందనుకుంటారు. ఆ సంఖ్య బైబిల్లో ఎక్కడా లేదు. ఐర్లండులో ఆర్మా ఆర్చిబిషప్పుగా ఉన్న జేమ్స్ అషర్ వంశావళుల్లోని వయసులన్నీ కూడి, రాజుల కాలాలతో సరిచూసి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని 1650లో తేల్చాడు. ఆయన గొప్ప చదువరి, తన కాలానికి నిజాయితీగా చేసిన లెక్క అది. 1701 నుంచి ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో ఆ తేదీలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. అంచులో ఉన్నది క్రమంగా లోపలికి జారి వాక్యంలో భాగమైనట్టు అనిపించింది. మనం ఆదివారం నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. దేవుడు సృష్టికర్త అని అక్కడ ఒప్పుకుంటాం. ఎన్ని రోజులు, ఎన్నేళ్లు అన్న మాట అందులో లేదు. సంఘం ఎన్నడూ రక్షణకు షరతుగా పెట్టని లెక్కను మన ఇంట్లో మనం షరతుగా పెట్టడం తగదు.

“సూర్యుణ్ని నాలుగో రోజు చేస్తే మొదటి మూడు రోజులు పగలెలా వచ్చింది?” పిల్లలు అడిగే ప్రశ్నల్లో అన్నిటికన్నా మంచిది ఇదే. ఇది అడిగిన పిల్లను కసరకండి, మెచ్చుకోండి. మూడో శతాబ్దంలోనే ఒరిజెన్ అనే సంఘ పండితుడు సరిగ్గా ఇదే అడిగాడు. ఐదో శతాబ్దం మొదట్లో అగస్టీను ఆదికాండం మీద పెద్ద వ్యాఖ్య రాస్తూ ఈ రోజులు మనం లెక్కపెట్టుకునే రోజుల్లాంటివి కావని అభిప్రాయపడ్డాడు. ఆకాశం గురించి, నక్షత్రాల గురించి తెలిసిన అవిశ్వాసుల ముందు విశ్వాసులు వాక్యం పేరుతో తెలియని మాటలు మాట్లాడి నవ్వులపాలైతే, ఆ తరవాత అదే వాక్యంలోని పునరుత్థానం గురించి చెబితే ఎవరు నమ్ముతారని ఆయన బాధపడ్డాడు. డార్విన్‌కు దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల ముందటి మాట ఇది. సైన్సుకు భయపడి క్రైస్తవులు ఇప్పుడు వాక్యానికి కొత్త అర్థాలు వెతుక్కుంటున్నారని ఎవరైనా అంటే మీ పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఒక పలక, బలపం తీసుకోండి. మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు పై నుంచి కిందికి మొదటి మూడు రోజులు రాయించండి. ఒకటో రోజు వెలుగు, చీకటి వేరయ్యాయి. రెండో రోజు పైనీళ్లు, కిందినీళ్లు వేరయి నడుమ ఆకాశం ఏర్పడింది. మూడో రోజు ఆరిన నేల తేలింది, దాని మీద పచ్చదనం మొలిచింది. కుడివైపు వాటికి ఎదురుగా తరవాతి మూడు రోజులు రాయించండి. నాలుగో రోజు సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు. ఐదో రోజు నీళ్లలో చేపలు, గాలిలో పక్షులు. ఆరో రోజు నేల మీద జంతువులు, మనిషి. రాయడం అయ్యాక పిల్లనే చూడమనండి. వెలుగు, చీకటికి ఎదురుగా సూర్యచంద్రులు ఉన్నారు. నీళ్లకూ ఆకాశానికీ ఎదురుగా చేపలూ పక్షులూ ఉన్నాయి. నేలకు ఎదురుగా నేల మీద నడిచేవన్నీ ఉన్నాయి. మొదటి మూడు రోజుల్లో చోటు సిద్ధమైంది, తరవాతి మూడు రోజుల్లో ఆ చోట్లు నిండాయి. ఏడో రోజు ఆ రెండు వరసలకూ కింద, పలక అంచు వరకు, ఒంటరిగా నిలుస్తుంది. రాసినవాళ్లు దీన్ని ఎంత శ్రద్ధగా అమర్చారో పదేళ్ల పిల్లకు కూడా కంటికి కనబడుతుంది. ఇది గడియారం పెట్టుకుని రాసుకున్న దినచర్య కాదని, ఒక గొప్ప క్రమాన్ని చూపించడానికి చేసిన అమరిక అని మీరు ప్రత్యేకంగా వాదించనక్కర్లేదు. పలకే చెబుతుంది.

పలక పక్కన పెట్టి రెండో అధ్యాయం చదవండి. అక్కడ క్రమం మారుతుంది. మొదటి అధ్యాయంలో మొక్కలు, జంతువులు అన్నీ అయ్యాక చివర్లో స్త్రీ పురుషులు కలిసి వస్తారు. రెండో అధ్యాయంలో ముందు మట్టితో పురుషుణ్ని చేస్తాడు, తరవాత తోట వేస్తాడు, తరవాత జంతువులు, చివరకు స్త్రీ. ఈ తేడాను పిల్లలు పట్టుకుంటే కంగారు పడవద్దు. బైబిలును కూర్చినవాళ్లకు ఆ తేడా తెలియక కాదు గదా, రెండింటినీ పక్కపక్కనే ఉంచారు. ఒకటి ఆకాశమంత ఎత్తు నుంచి చూసి చెప్పిన కథ, ఇంకొకటి తోటలో మట్టి మీద మోకాళ్లూని చెప్పిన కథ. మీరు మీ బిడ్డ పుట్టినరోజు సంగతి చెప్పేటప్పుడు ఆసుపత్రి కాగితంలో ఉన్న టైము, బరువు ఒక నిజం. ఆ రోజు వాన కురిసిందని, నాయనమ్మ మెట్ల మీద కూర్చుని ప్రార్థన చేసిందని, బిడ్డను చూడగానే నాన్న ఏడ్చాడని మీరు చెప్పేది ఇంకో నిజం. బిడ్డ పెద్దయ్యాక తానెవరో తెలుసుకోవడానికి రెండో నిజమే ఎక్కువ పనికొస్తుంది. అలాగని ఆసుపత్రి కాగితం అబద్ధమని ఎవరూ అనరు.

ఇక అసలైన చోటికి వద్దాం. సృష్టి కథ చెప్పేటప్పుడు పిల్లల మనసులో నాటవలసిన మాట ఒకటి ఉంది. మనం రోజుల లెక్క దగ్గరే కొట్టుకుంటూ దాన్ని దాటేస్తున్నాం.

ఇప్పటి ఇరాక్‌లోని నీనెవె శిథిలాల్లో మట్టి పలకల మీద బబులోను వాళ్ల సృష్టి కథ దొరికింది. జార్జ్ స్మిత్ దాన్ని 1876లో ఇంగ్లీషులో ప్రచురించాడు. ఆ కథలో మర్దూకు అనే దేవుడు తియామతు అనే సముద్ర దేవతను చంపి, ఆమె ఒంటిని చీల్చి ఆకాశాన్నీ భూమినీ చేస్తాడు. ఓడిపోయిన ఇంకో దేవుడి నెత్తురుతో మనుషుల్ని చేస్తారు. ఎందుకంటే, దేవతలకు చాకిరీ చేయడానికి. దేవతలు విశ్రాంతి తీసుకోవాలి గనుక మనిషి మోయాలి. యూదులు బబులోనుకు చెరగా వెళ్లినప్పుడు వాళ్ల చుట్టూ వినబడిన కథ ఇదే. ఆదికాండం మొదటి అధ్యాయం ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఆ చెర కాలంలోనో ఆ తరవాతో అని చాలామంది పండితులు అనుకుంటారు. దేశం పోగొట్టుకుని, పరాయి రాజు కింద కూలిపని చేస్తున్న జనం తమ పిల్లలకు చెప్పుకున్న మాట చూడండి. లోకం యుద్ధంలోంచి పుట్టలేదు, దేవుని నోటిమాటతో పుట్టింది. చేసినదంతా మంచిదిగా ఉంది. మనిషి ఎవరి చాకిరీ కోసమో పుట్టలేదు, దేవుని పోలికలో పుట్టాడు. ఆ పోలిక రాజులకు మాత్రమే ఇచ్చిన బిరుదు కాదు. స్త్రీకీ పురుషుడికీ, అందరికీ ఒక్కటే.

ఈ మాట మన ప్రాంతంలో ఎవరికి చేరిందో పిల్లలకు చెప్పండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన దగ్గరికి మొదట వచ్చినవాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి ఉన్నాడు. అంతకు ముందు నుంచే దేవుడి కోసం వెతుకుతూ గురువుల చుట్టూ తిరిగినవాడు ఆయన. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు అన్నప్పుడు, క్లౌ దంపతులిద్దరూ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చదివి పేరయ్య వాళ్ల వైపే నిలబడ్డారు. ధాత కరువు వచ్చిన 1876–78లో జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని పని కల్పించాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే. తరవాత కంభంలో 1882లో, మార్కాపురంలో 1895లో మిషను కేంద్రాలు ఏర్పడ్డాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ మాదిగల జీవితం మీద 1899లో ఒక పుస్తకమే రాసింది.

ఊరి బావిలో నీళ్లు తోడుకోవడానికి వీల్లేనివాళ్లు, పెద్దవీధిలో చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిన వాళ్లు తమ పిల్లలకు ఆ మొదటి అధ్యాయం చదివి వినిపించిన ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. మీది అలాంటి ఇల్లే అయితే మీ తాతముత్తాతల కథను దాచిపెట్టకండి. సిగ్గుపడాల్సినవాళ్లు మీరు కారు. దేవుని పోలికలో పుట్టామన్న మాటను వాళ్లు ఎంత గట్టిగా పట్టుకుని బడులకు పంపారో, టీచర్లుగా నర్సులుగా పిల్లల్ని నిలబెట్టారో చెప్పండి. ఆ మాట తెలిసిన పిల్ల తన ఒంటి రంగును చూసి, ఇంటిపేరును చూసి కుంగిపోదు. ఇంకొకరిని తక్కువ చేసి మాట్లాడదు కూడా. ఈ రెండోది మొదటిదంత ముఖ్యం. మన సంఘాల్లోనే మాలా మాదిగా అంటూ వేరు బెంచీలు, వేరు సంబంధాలు చూస్తున్న పిల్లలకు ఆదికాండం ఎంత చక్కగా చెప్పినా ఎక్కదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పక్కటెముక కథను ఇంట్లో ఎలా చెబుతున్నారో జాగ్రత్తగా చూసుకోండి. “నువ్వు ఎముకలోంచి వచ్చావు గనుక అణిగి ఉండాలి” అని ఆ కథ ఎక్కడా అనలేదు. పురుషుడు ఆమెను చూడగానే, తన ఎముకా తన మాంసమూ దొరికాయని సంతోషంతో గొంతెత్తాడు. మనిషి ఒంటరిగా ఉండడం మంచిది కాదని ముందే అన్నది దేవుడు. సృష్టి అంతటిలో దేవుడు మంచిది కాదన్న మొదటి విషయం ఒంటరితనమే. కూతురికి ఈ కథ చెప్పేటప్పుడు స్త్రీ పురుషులిద్దరూ దేవుని పోలికే అన్న మొదటి అధ్యాయాన్ని కూడా కలిపి చెప్పండి.

తోటలో మనిషికి అప్పగించిన పని గురించి కూడా మనం తక్కువ మాట్లాడతాం. నేలను దున్నాలి, కాపాడాలి. ఆ రెండూ కలిపి ఇచ్చిన పని అది. ఏలుబడి చేయమన్న మొదటి అధ్యాయం మాటనే పట్టుకుని అడవిని, ఏటిని, మూగజీవాల్ని ఏం చేసినా చెల్లుతుందనుకోవడం సగం చదువు. మన ప్రాంతపు పిల్లలకు దీన్ని వివరించడం సులువు. బోరులో ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు పచ్చబడిన పెద్దల్ని, నడుములు వంగిన పెద్దల్ని వాళ్లు చూస్తున్నారు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఎండాకాలంలో ఎలా ఉంటుందో చూస్తున్నారు. అదే ఏటికి కంభం దగ్గర అడ్డుకట్ట కట్టి, శతాబ్దాల కిందట మనుషులు నిలిపిన చెరువు ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఒక సెలవు రోజు పిల్లల్ని కంభం చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి రెండో అధ్యాయంలోని ఆ భాగం అక్కడ చదివించండి. పలకల ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు చిన్నపిల్లలు దుమ్ములో కూర్చుని పనిచేసిన సంగతి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆ సంగతి కూడా చెప్పండి. దేవుని పోలిక అన్న మాటకూ ఆ దుమ్ముకూ పొసగదు.

ఇక ఏడో రోజు. ఈ కథలో తల్లిదండ్రులు అన్నిటికంటే ఎక్కువగా మీరుతున్నది దీన్నే. ఆరు రోజులా ఆరు యుగాలా అని గంటల తరబడి వాదించే ఇళ్లల్లోనే ఆదివారం పొద్దున్నే ట్యూషను, మధ్యాహ్నం ఐఐటీ ఫౌండేషను, సాయంత్రం వీక్లీ టెస్టు ఉంటాయి. బబులోను కథలో విశ్రాంతి దేవతలది, చాకిరీ మనుషులది. ఆదికాండంలో దేవుడే విశ్రాంతి తీసుకుని ఆ రోజును పరిశుద్ధం చేశాడు. తరవాత నిర్గమకాండంలో ఆ విశ్రాంతి దాసదాసీలకు, పశువులకు కూడా చెందుతుందని ఆజ్ఞ వచ్చింది. మీ పొలంలో కూలికి వచ్చేవాళ్లకు, ఇంట్లో పనిచేసే ఆమెకు, బండి లాగే ఎద్దులకు కూడా అన్నమాట. మీ బిడ్డకు వారంలో ఒక్కరోజు మార్కుల బెంగ లేకుండా నిద్రపోయే హక్కు, ఆడుకునే హక్కు ఇవ్వండి. సృష్టి కథ మీద మీకున్న నమ్మకానికి పిల్లలు చూడగల రుజువు అదొక్కటే.

డైనోసార్ల గురించి అడిగితే హైదరాబాదు వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన కోటసారస్ అస్థిపంజరాన్ని అక్కడ నిలబెట్టారు. మన గోదావరి లోయలో కోట్ల ఏళ్ల కిందట తిరిగిన జంతువు అది. కయీనుకు భార్య ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఆదాముకు కొడుకులూ కూతుళ్లూ ఇంకా ఉన్నారని ఐదో అధ్యాయం చెబుతోందని, అంతకుమించి బైబిలు చెప్పలేదని అనండి. బైబిలు చెప్పని చోట మనం కల్పించి చెప్పకూడదు.

ఇంకో పొరపాటు ఇప్పుడు వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది. శాస్త్రవేత్తలు ఇప్పుడు కనిపెట్టిందంతా బైబిల్లో ముందే ఉందని, మొదటి రోజు వెలుగే బిగ్ బ్యాంగ్ అని. పిల్లలకు అది పంపేముందు జార్జ్ లెమైత్రు కథ తెలుసుకోండి. ఆయన బెల్జియం దేశపు క్యాథలిక్ గురువు, భౌతిక శాస్త్రవేత్త కూడా. విశ్వం విస్తరిస్తోందని 1927లో, అదంతా ఒకే ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో చెప్పినవాడు. పోప్ పన్నెండో పయస్ 1951లో ఒక ప్రసంగంలో ఆ బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం సృష్టి కథను బలపరుస్తోందన్నట్టు మాట్లాడితే లెమైత్రుకు అది నచ్చలేదు. గురువు అయ్యుండీ ఆయన ఆ రెండింటినీ కలిపి ముడివేయడం తప్పనుకున్నాడు. సైన్సు రేపు ఒక అడుగు ముందుకు వేస్తుంది. దాని మీద కట్టిన విశ్వాసం అప్పుడు కూలిపోతుంది.

ఆరు రోజులంటే ఇరవై నాలుగు గంటల ఆరు రోజులేనని మనసారా నమ్మేవాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. అందులో మీరూ ఉండవచ్చు. మీ భక్తిని నేను తక్కువ చేయను. అయితే ఆ నమ్మకాన్ని సైన్సు భాషలో వాదించే పుస్తకాలు, వీడియోలు ఎక్కువగా 1961లో అమెరికాలో విట్‌కాంబ్, మోరిస్ రాసిన పుస్తకం తరవాత వచ్చినవని, తొలి సంఘం నుంచీ అందరూ అలాగే చదవలేదని పిల్లలకు తెలియనివ్వండి. “నాన్న అలా నమ్ముతాడు, నువ్వు ఇంకోలా అర్థం చేసుకున్నా నా బిడ్డవే, దేవుని బిడ్డవే” అని ఒక్కసారి నోరారా అనండి. ఆ మాట వినకుండా పెరిగిన పిల్లలే హాస్టల్ గదిలో ఒంటరిగా పోరాడి, ఇంటికి చెప్పుకోలేక మౌనంగా వెళ్లిపోతారు.

పక్కింటి పిల్లలు చెన్నకేశవస్వామి తిరునాళ్లకు వెళ్లివచ్చి బ్రహ్మ సృష్టి గురించి, దశావతారాల గురించి చెబితే మీ పిల్లలు శ్రద్ధగా వినాలి. వెక్కిరించడానికి మన కథ అనుమతి ఇవ్వలేదు. అవతలి పిల్లవాడు కూడా దేవుని పోలికలోనే పుట్టాడని చెప్పేది మన కథే.

సండే స్కూలు టీచర్లకు, పాస్టరుగార్లకు ఒక విన్నపం. ప్రశ్న అడిగిన పిల్లను క్లాసులో నిలబెట్టకండి, అవిశ్వాసి అనకండి. జవాబు తెలియకపోతే వచ్చే వారం చెబుతానని చెప్పి చదువుకుని రండి. సంఘంలో సైన్సు టీచర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు ఉన్నారు. ఈ వేసవి సెలవుల బైబిలు బడి (వీబీఎస్)లో ఒక పూట వాళ్లను పిలిచి, పిల్లల ప్రశ్నలను చీటీల మీద రాయించి, పెద్దలంతా కూర్చుని జవాబులు చెప్పండి. తల్లిదండ్రుల్ని కూడా ఆ పూట రమ్మనండి.